ఇంగ్లిష్ కోసం ఫోన్‌ని, ల్యాబ్‌ని ఎలా వాడాలి? బీటెక్, డిగ్రీ స్టూడెంట్స్‌కి పనికొచ్చే పద్ధతి

ఈ ఎపిసోడ్ ఇంజనీరింగ్, డిగ్రీ, పీజీ చదువుతున్న వాళ్ల కోసం. టాపిక్ ఏంటంటే, ఇంగ్లిష్ నేర్చుకోవడంలో కంప్యూటర్ నిజంగా ఏం చేయగలదు, ఏం చేయలేదు. కంప్యూటర్ అంటే కాలేజీ ల్యాబ్‌లో ఉండేదొక్కటే అనుకోకండి. మీ చేతిలో ఉన్న ఫోన్ కూడా కంప్యూటరే.

ఇది ఎందుకు ముఖ్యమో ముందు చెప్తాను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన అబ్బాయో అమ్మాయో బీటెక్‌లో చేరిన మొదటి రోజు నుంచే అన్ని సబ్జెక్టులూ ఇంగ్లిష్‌లో వినాలి, ఇంగ్లిష్‌లో రాయాలి. ప్రోగ్రామ్ రాయడం వచ్చు. లాజిక్ వచ్చు. కానీ ఆ లాజిక్‌ని ఇంగ్లిష్‌లో రెండు నిమిషాలు చెప్పమంటే ఆగిపోతారు. ప్లేస్‌మెంట్స్‌లో చాలామంది పోయేది అక్కడే. పైగా కొన్ని కంపెనీలు వెర్సాంట్ లాంటి టెస్టులు పెడతాయి. అందులో మీ మాట విని మార్కులు వేసేది మనిషి కాదు, కంప్యూటర్. వాక్యం చదవమంటుంది, విన్నది తిరిగి చెప్పమంటుంది, తారుమారు చేసిన పదాల్ని వరసలో పెట్టి చెప్పమంటుంది. అంటే కంప్యూటర్ ఆల్రెడీ మనకి ఎగ్జామినర్ అయిపోయింది. అలాంటప్పుడు దాన్ని ప్రాక్టీస్ పార్ట్‌నర్‌గా వాడుకోకపోతే నష్టం మనదే కదా.

కానీ ఎలా వాడాలి? ఫోన్‌లో నాలుగు యాప్స్ ఉన్నా ఇంగ్లిష్ రానివాళ్లు బోలెడుమంది. ఎందుకో చూద్దాం.

ల్యాబ్‌లో ఏం జరుగుతుంది?

కంప్యూటర్‌తో పాఠాలు చెప్పడం కొత్త ఐడియా ఏమీ కాదు. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ 1960లోనే ప్లేటో అనే సిస్టమ్ మొదలుపెట్టింది. తర్వాత అందులో భాషల పాఠాలు కూడా వచ్చాయి. అప్పటి పద్ధతి సింపుల్. కంప్యూటర్ ప్రశ్న అడుగుతుంది, మీరు జవాబిస్తారు, రైటో రాంగో అది చెప్తుంది. కంప్యూటర్ టీచర్, మీరు స్టూడెంట్.

మన దగ్గర జేఎన్‌టీయూ హైదరాబాద్ సిలబస్ తీస్తే, ఇంగ్లిష్ కమ్యూనికేషన్ ల్యాబ్‌లో రెండు భాగాలు కనిపిస్తాయి. ఒకటి కాల్ ల్యాబ్, అంటే కంప్యూటర్ ముందు కూర్చుని వినేది, పలికేది. రెండోది ఐసీఎస్ ల్యాబ్, అంటే మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడేది. ఈ డిజైన్ చాలా మంచిది. ఇబ్బంది అమల్లో వస్తుంది. నేను చదివిన కాలేజీలో హెడ్‌ఫోన్స్ సగం పనిచేసేవి కావు. పనిచేసినవాటిలో కూడా "విను, తిరిగి చెప్పు, నెక్స్ట్ నొక్కు", అంతే. వారానికి ఒక ల్యాబ్, చివర్లో రికార్డ్ బుక్, దాని మీద సంతకం.

ఫోన్‌లో చాలా యాప్స్ చేసేదీ అదే, కాకపోతే రంగులు ఎక్కువ. నాలుగు ఆప్షన్స్ ఇస్తాయి, ఒకటి నొక్కుతాం. ఆప్షన్స్ చూసి గుర్తుపట్టడం వేరు, ఖాళీ పేజీ ముందు కూర్చుని సొంతంగా వాక్యం తయారుచేయడం వేరు. ఇంటర్వ్యూలో ఎవరూ మనకి నాలుగు ఆప్షన్స్ ఇవ్వరు.

బర్మింగ్‌హామ్‌లో ఒక మాస్టారు ఏం చేశారంటే

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో టిమ్ జాన్స్ అనే టీచర్ ఉండేవారు. వేరే దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చిన స్టూడెంట్స్‌కి ఇంగ్లిష్‌లో సాయం చేయడం ఆయన పని. వాళ్లందరికీ సబ్జెక్ట్ వచ్చు, ఇంగ్లిష్‌లో రాయడం దగ్గర కష్టం. మన కథే.

స్టూడెంట్ తన డ్రాఫ్ట్ తెచ్చేవాడు. ఏదో ఒక వాక్యం దగ్గర డౌట్. మామూలుగా అయితే టీచర్ ఏం చేస్తారు? ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చేస్తారు. టిమ్ జాన్స్ మాత్రం ఆ పదాన్ని కంప్యూటర్‌లో కొట్టి, నిజంగా అచ్చయిన రాతల్లో ఆ పదం వాడిన వాక్యాల్ని వరసగా స్క్రీన్ మీద పెట్టి, ఇద్దరూ కలిసి చూసేవారు. "ఇందులో నీకు ఏ ప్యాటర్న్ కనిపిస్తోంది?" అన్నట్టు. రూల్ కనిపెట్టాల్సింది స్టూడెంటే. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు డేటా డ్రివెన్ లెర్నింగ్. ప్రతి స్టూడెంటూ షెర్లాక్ హోమ్స్‌లా క్లూస్ వెతకాలి అనేది ఆయన ఐడియా. ఇది 1990 ప్రాంతంలో సంగతి.

అదే యూనివర్సిటీలో జాన్ సింక్లెయిర్ టీమ్ కాలిన్స్ పబ్లిషర్స్‌తో కలిసి, కంప్యూటర్‌లో పోగేసిన కోట్ల పదాల రాతల ఆధారంగా 1987లో కోబిల్డ్ డిక్షనరీ తెచ్చింది. అలా పోగేసిన రాతల గుట్టని కార్పస్ అంటారు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అదొక డేటాసెట్, మనం దాని మీద సెర్చ్ కొడతాం.

తేడా గమనించారా? ప్లేటో మోడల్‌లో కంప్యూటర్ మనల్ని ప్రశ్న అడుగుతుంది. ఇక్కడ మనం కంప్యూటర్‌ని అడుగుతాం. ఈ ఎపిసోడ్ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదొక్కటే అనుకోండి. మెదడు పని చేయాల్సిన చోట మీ మెదడే పని చేయాలి. కంప్యూటర్ సాక్ష్యం చూపించాలి, గుర్తుచేయాలి, విసుక్కోకుండా వినాలి.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం

మనవాళ్లు ఎక్కువగా వాడే వాక్యం: "వుయ్ డిస్కస్డ్ అబౌట్ ద ప్రాజెక్ట్." ఇది రైటా, రాంగా? ఎవర్నీ అడక్కండి. సెర్చ్ చేయండి.

స్కెల్ అని ఒక ఫ్రీ వెబ్‌సైట్ ఉంది. లాగిన్ అక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్‌లో ఓపెన్ అవుతుంది, ఉండేది టెక్స్ట్ కాబట్టి డేటా కూడా పెద్దగా తినదు. అందులో డిస్కస్ అని కొడితే వాక్యాలు వరసగా వస్తాయి. ఎలా ఉంటాయో అర్థం కావడానికి నేనే నాలుగు లైన్లు రాశాను. స్క్రీన్ మీద చూపించినవి ఇవే:

వుయ్ విల్ డిస్కస్ ద రిజల్ట్స్ ఇన్ ద నెక్స్ట్ చాప్టర్
దే మెట్ టు డిస్కస్ ద న్యూ డిజైన్
షి రెఫ్యూజ్డ్ టు డిస్కస్ ద మ్యాటర్
వుయ్ హ్యాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ద బడ్జెట్

ఇప్పుడు డిస్కస్ తర్వాత ఏముందో చూడండి. మొదటి మూడింట్లో నేరుగా విషయం వచ్చేసింది, అబౌట్ లేదు. నాలుగో దాంట్లో అబౌట్ ఉంది, కానీ అక్కడ పదం డిస్కస్ కాదు, డిస్కషన్. రూల్ దొరికిపోయింది. పని చెప్పే పదానికి అబౌట్ వద్దు, పేరు చెప్పే పదానికి కావాలి. ఇంకా ఎక్కువ వాక్యాలు కావాలంటే కోకా అనే అమెరికన్ కార్పస్ ఉంది. మార్క్ డేవీస్ అనే ప్రొఫెసర్ 2008లో తెచ్చారు. ఇప్పుడు అందులో వంద కోట్లకి పైగా పదాలున్నాయి.

మరి మనకి ఆ అబౌట్ ఎక్కడి నుంచి వచ్చింది? తెలుగులో "ప్రాజెక్ట్ గురించి చర్చించాం" అంటాం. ఆ "గురించి" ఇంగ్లిష్‌లోకి అబౌట్‌గా దూరింది. "అతనికి వివరించాను" అన్నప్పుడు మన "కి" అతనికి అతుక్కునే ఉంటుంది కాబట్టి, ఇంగ్లిష్‌లో విడిగా టు పెట్టాలని తోచదు. "ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ హిమ్" అనేస్తాం. ఇది తెలివితక్కువతనం కాదండీ, ఒక భాష లెక్కని ఇంకో భాషలో వేయడం. డిస్కస్ అబౌట్ అని మన దేశంలో చాలామంది చదువుకున్నవాళ్లే అంటారు, అర్థం అయిపోతుంది కూడా. కానీ ఫారిన్ యూనివర్సిటీకి రాసే ఎస్సేలోనో, ఇంగ్లిష్ టెస్టులోనో అది తప్పు కిందే లెక్క.

ఎవరైనా దిద్ది ఇస్తే రెండు రోజుల్లో మర్చిపోతాం. మనమే పది వాక్యాలు చూసి కనిపెట్టింది అంత తొందరగా పోదు.

ఏ పదాలు నేర్చుకోవాలి?

"రోజుకి పది కొత్త పదాలు" అని డిక్షనరీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టే వాళ్లున్నారు. వద్దు. ఈ లెక్క కూడా కంప్యూటర్ మన కోసం చేసి పెట్టింది.

న్యూజిలాండ్‌లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు రకరకాల సబ్జెక్టుల యూనివర్సిటీ పుస్తకాలు, పేపర్లు కలిపి 35 లక్షల పదాల కార్పస్ తయారుచేశారు. బాగా మామూలైన రెండు వేల పదాల్ని పక్కన పెట్టి, అన్ని సబ్జెక్టుల్లో మళ్లీ మళ్లీ వచ్చే పదాల్ని వడగట్టారు. 2000లో వచ్చిన ఆ లిస్ట్ పేరు అకడమిక్ వర్డ్ లిస్ట్. అందులో ఉన్నవి 570 కుటుంబాలు. కుటుంబం అంటే అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్, ఇవన్నీ ఒకటే ఇల్లు. చదువుకి సంబంధించిన పుస్తకాల్లో దాదాపు పది శాతం పదాలు ఈ లిస్ట్ నుంచే వస్తాయి. అస్యూమ్, డిరైవ్, కన్సిస్ట్, సిగ్నిఫికెంట్, ఇలాంటివి. మీ టెక్స్ట్‌బుక్ ఏ పేజీ తీసినా కనిపిస్తాయి.

లెక్క వేయండి. రోజుకి ఐదు కుటుంబాలు అనుకుంటే 570కి 114 రోజులు. ఇంచుమించు ఒక సెమిస్టర్. ఇంత తక్కువ పెట్టుబడికి ఇంత లాభం వచ్చే పని ఇంకోటి లేదు. లిస్ట్ ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది.

నేర్చుకున్నది నిలవాలంటే

నేర్చుకోవడం ఒక ఎత్తు, మర్చిపోకుండా ఉండటం ఇంకో ఎత్తు. మనం ఎలా మర్చిపోతామో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకం వేశారు. మొదట్లో చాలా వేగంగా మర్చిపోతాం, తర్వాత నెమ్మదిస్తుంది. దీన్నిబట్టి ఏం చేయాలి? మర్చిపోబోయే టైమ్‌కి ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఒకే రోజు ఇరవై సార్లు చదవడం కంటే, ఇవాళ, రేపు, మూడు రోజులకి, వారానికి, నెలకి అని దూరం పెంచుతూ పోతే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఏ పదాన్ని ఏ రోజు చూడాలో మనం లెక్క పెట్టుకోలేం. కంప్యూటర్‌కి అది చిటికెలో పని. 2006లో డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన చేసిన ఆంకీ అనే ప్రోగ్రామ్ ఉంది. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ ఫ్రీ. ఐఫోన్ యాప్‌కి డబ్బులు కట్టాలి, కానీ బ్రౌజర్‌లో ఆంకీవెబ్ ఫ్రీగా వాడుకోవచ్చు.

ఇందులో ఒక కిటుకుంది. ముందు వైపు ఇంగ్లిష్ పదం, వెనక తెలుగు అర్థం, ఇలా కార్డ్ చేయకండి. ఖాళీ ఉన్న వాక్యం పెట్టండి. ముందు వైపు: "ద కిట్ కన్సిస్ట్స్ డాష్ త్రీ పార్ట్స్." వెనక: "ఆఫ్." పదం, దాని పక్కన వచ్చేది, రెండూ కలిపి గుర్తుంటాయి. వాక్యం స్కెల్‌లో మీకు దొరికిందే అయితే ఇంకా మంచిది. వేరే వాళ్లు చేసిన వెయ్యి కార్డుల డెక్ డౌన్‌లోడ్ చేసుకోవడం కంటే, మీ తప్పుల నుంచి మీరు చేసుకున్న యాభై కార్డులు ఎక్కువ పనిచేస్తాయి.

పలకడం సంగతి

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే బస్‌ని బస్సు, కార్‌ని కారు, పెన్‌ని పెన్ను చేసుకున్నాం. తెలుగులో మాట్లాడేటప్పుడు అది అందం. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ప్రతి పదం చివరా చిన్న "ఉ" తగిలితే వినేవాళ్లకి ఇబ్బంది.

ఇంకోటి, మనకి "వ" ఒక్కటే. ఇంగ్లిష్‌లో రెండున్నాయి. వెస్ట్ అని తెలుగులో రాస్తే అది బనియన్ వెస్టో, పడమర వెస్టో చెప్పలేం. బనియన్ వెస్ట్‌కి పై పళ్లు కింది పెదవికి తగలాలి. పడమర వెస్ట్‌కి పళ్లు ఎక్కడా తగలకూడదు, పెదాలు గుండ్రంగా చుట్టాలి.

దీన్ని టెస్ట్ చేయడానికి వాయిస్ టైపింగ్ వాడండి. కీబోర్డ్ మీద మైక్ నొక్కి, ఇంగ్లిష్ ఇండియా సెలెక్ట్ చేసి, రెండు వెస్ట్‌లూ విడివిడిగా పలకండి. ఏ స్పెల్లింగ్ పడిందో చూడండి. ఇక్కడ ఒక జాగ్రత్త. మొత్తం వాక్యం చెప్తే ఫోన్ చుట్టుపక్కల పదాల్ని బట్టి ఊహించి కరెక్ట్‌గా రాసేస్తుంది, మీ ఉచ్చారణ బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకే ఒక్కో పదం విడిగా చెప్పి చూడండి.

తర్వాత ఒత్తు. ఏ అక్షరం దగ్గర గట్టిగా పలకాలి అనేది. ఇందాకటి కుటుంబమే తీసుకోండి. అనలైజ్‌లో మొదటి ముక్క "అ" మీద బరువు. అనాలిసిస్‌లో రెండో ముక్క "నా" మీద. అనలిటికల్‌లో మూడో ముక్క "లి" మీద. మనం మూడింటినీ ఒకే బరువుతో పలుకుతాం. యూగ్లిష్ అనే సైట్‌లో పదం కొడితే, ఆ పదం వచ్చిన యూట్యూబ్ క్లిప్స్ ఒకదాని తర్వాత ఒకటి ప్లే అవుతాయి. ఐదుగురి నోట వినండి, మీ గొంతు రికార్డ్ చేసుకోండి, పక్కపక్కన పెట్టి వినండి. మనం అమెరికన్ యాక్సెంట్ కోసం పాకులాడక్కర్లేదు. ఎదుటివాళ్లకి ఒక్కసారికే అర్థమైతే చాలు.

మరి ఏఐ చాట్‌బాట్ ఉందిగా?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఉంది, బ్రహ్మాండంగా పనికొస్తుంది, వాడే తీరు సరిగా ఉంటే. "నా ఎస్సే సరిచేసి ఇవ్వు" అంటే రెండు సెకన్లలో ఇస్తుంది. ఎస్సే బాగుపడుతుంది, మీరు అక్కడే ఉంటారు. జిమ్‌లో బరువులు ఎత్తడానికి వేరేవాళ్లని పంపినట్టు.

ఇలా అడిగి చూడండి: "నా పేరా సరిదిద్దకు. తప్పున్న లైన్ నంబర్లు మాత్రం చెప్పు. నేను దిద్ది పంపిస్తాను. రెండోసారి కూడా తప్పితే అప్పుడు కారణం తెలుగులో చెప్పు." మళ్లీ వెతికే పని మీకే వచ్చింది, టిమ్ జాన్స్ చేయించినట్టే. ఇంటర్వ్యూ ప్రాక్టీస్‌కి కూడా వాడొచ్చు. "నువ్వు ప్యానెల్, నా ప్రాజెక్ట్ మీద ఒక్కో ప్రశ్న అడుగు" అనండి, టైప్ చేయకుండా నోటితో జవాబు చెప్పండి. ఇంకో సంగతి, చాట్‌బాట్ తప్పుని కూడా చాలా ధైర్యంగా చెప్తుంది. రూల్ మీద అనుమానం వస్తే కార్పస్‌లో చెక్ చేసుకోండి. అక్కడుండేవి మనుషులు రాసిన వాక్యాలు.

కంప్యూటర్ చేయలేనిది

కంప్యూటర్ ముందు తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వరు. అది చాలా పెద్ద లాభం, ముఖ్యంగా క్లాసులో నోరు తెరవడానికి భయపడే వాళ్లకి. కానీ ఎదుట మనిషి ఉన్నప్పుడు, ఆయన మధ్యలో అడ్డొచ్చినప్పుడు, మొహం చూసి "అర్థం కాలేదు" అని గ్రహించి ఇంకోలా చెప్పడం మనిషితోనే వస్తుంది. సిలబస్‌లో రెండో భాగం ఊరికే పెట్టలేదు. మీ కాలేజీలో అది సరిగా జరగకపోతే హాస్టల్ రూమ్‌లో మీరే పెట్టుకోండి. ఇద్దరున్నా చాలు.

మొత్తం కలిపి ఒక ప్లాన్ ఇస్తున్నాను. రోజూ పావుగంట ఆంకీ కార్డులు, కొత్తవి ఐదుకి మించొద్దు. ఐదు నిమిషాలు, ఆ రోజు డౌట్ వచ్చిన ఒక్క పదం కార్పస్‌లో వెతకడం. ఐదు నిమిషాలు, ఒక పేరా చదివి రికార్డ్ చేసి వినడం. ఆదివారం అరగంట ఫ్రెండ్‌తో ఇంగ్లిష్‌లో, ఆ వారం చదివిన సబ్జెక్ట్ టాపిక్ ఒకటి వివరించడం. రోజుకి 25 నిమిషాలు. ఒక రీల్స్ సెషన్ కంటే తక్కువే.

ఒక సెమిస్టర్ ఇలా చేస్తే షేక్‌స్పియర్ అయిపోతారని నేను చెప్పను. కానీ మీ ప్రాజెక్ట్ గురించి అడిగినప్పుడు, మీకు తెలిసిన విషయం మీ నోట్లోంచి బయటికి వస్తుంది. ప్లేస్‌మెంట్ రూమ్‌లో మనకి కావాల్సింది అదే.

సరే అండీ. ఇవాళే స్కెల్ ఓపెన్ చేసి, మీకు ఎప్పట్నుంచో డౌట్ ఉన్న ఒక్క పదం కొట్టండి. ఏ పదం కొట్టారో, ఏం కనిపెట్టారో కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.